సగం స్పీడ్ బ్రేకర్

"నువ్వు ఎవరి మనిషివి?" అని ఎవరైనా అడిగితే రోడ్డు మేస్త్రి వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. తల గోక్కునేవాడు. భుజం మీది తువ్వాలు తీసి దులిపేవాడు. ఆ తర్వాత, "ఇప్పుడా, మామూలుగానా?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు. అడిగినవాడు పడీ పడీ నవ్వేవాడు. మేస్త్రి మాత్రం నవ్వేవాడు కాదు. అతను వేళాకోళం ఆడటం లేదు మరి. సరిగ్గా తెలుసుకుని చెబుదామనే అడిగేవాడు.

ఊరి నడి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డులో వంతెన దిగిన చోటు నుంచి బజారు చివరి దాకా ఉన్న ముక్క అతని బాధ్యత. గుంట పడితే పూడ్చేది అతను. వాన నీళ్ళు నిలిస్తే గండి కొట్టి పంపేది అతను. కుక్క చచ్చి పడి ఉన్నా జనం వచ్చి చెప్పేది అతనికే. పనిలో చేరిన నాటికి ఆ రోడ్డు కేంద్ర ప్రభుత్వానిది. పెళ్ళయిన కొన్నాళ్ళకు రాష్ట్రానిది. కొడుకు బడికి వెళ్ళే వేళకు మళ్ళీ కేంద్రానిది. ఆ కొడుకు చదువైపోయి వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరే నాటికి మళ్ళీ రాష్ట్రానిది. ఆ తర్వాత ఎవరిదో కోర్టుకే తెలియాలి. అన్నాళ్ళూ పలుగూ అదే, పారా అదే, తారు కాచే డ్రమ్మూ అదే. మేస్త్రి కూడా అదే మేస్త్రి.

కేంద్రం చేతిలో ఉన్నప్పుడు కిలోమీటరు రాళ్ళకు నీలం రంగు వేయాలి. రాష్ట్రం చేతిలోకి వస్తే ఆకుపచ్చ. ఎక్కడైనా రాయి మీద పెచ్చు లేస్తే లోపల ఆకుపచ్చ కనపడేది, దాని కింద నీలం, ఆ కింద మళ్ళీ ఆకుపచ్చ. పెద్ద పెద్దవాళ్ళు చట్టసభల్లో అరుచుకుని, చర్చించుకుని, చేతులు కలుపుకుని తేల్చుకున్న సంగతులన్నీ మేస్త్రికి తెలిసేది రంగు డబ్బా వచ్చినప్పుడే. డబ్బా మూత తీసి చూసి, "ఓహో, మారాం కాబోలు" అనుకునేవాడు.

అలాగని అతనికి బొత్తిగా ఏమీ పట్టదని కాదు. రేడియోలో వచ్చే ప్రసంగాలన్నీ శ్రద్ధగా వినేవాడు. వినడం వల్లే అసలు చిక్కంతా వచ్చింది. ఒకాయన లేచి, "దేశమంతా ఒక్కటిగా నిలబడాలంటే పెద్ద రోడ్లు ఒక్క చేతిలో ఉండాలి. ఏ రాష్ట్రానికి తోచినట్టు ఆ రాష్ట్రం వేసుకుంటే ఈ చివర బయల్దేరిన బండి ఆ చివరికి చేరేదెప్పుడు?" అనేవాడు. మేస్త్రి తల ఊపేవాడు. మరొకాయన లేచి, "మా ఇంటి ముందు రోడ్డు మీద మా ఇల్లు ఎక్కడుందో కూడా తెలియని వాళ్ళ పెత్తనమేంటి?" అనేవాడు. మేస్త్రి దానికీ తల ఊపేవాడు.

"ఇద్దరికీ అలా ఊపుతూ కూర్చోండి, మెడ పట్టేస్తుంది" అనేది అతని భార్య.

"ఇద్దరూ న్యాయమే చెప్తున్నారే!"

"అయితే ఇద్దరినీ వచ్చి మన ముందు గది కప్పు చూడమనండి. కారుతోంది."

మేస్త్రికి ఒక్కతే చెల్లెలు. చిన్నప్పుడు విషజ్వరం వచ్చి వినికిడి పోయింది. మాట మాత్రం పోలేదు. కాకపోతే తన గొంతు తనకు వినపడదు కాబట్టి, ఆమె రహస్యం చెప్పినా వీధి చివర ఉన్నవాడు కూడా తిరిగి చూసేవాడు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకునేది. అందుకే రోడ్డు పనివాళ్ళందరిలోకీ మేస్త్రి మీసాలే పొట్టిగా ఉండేవి. పెళ్ళి చేసుకోమంటే ససేమిరా అంది. రోడ్డుకు అవతల, సరిగ్గా వీళ్ళ ఇంటికి ఎదురుగా ఉన్న దర్జీ కొట్లో కాజాలు కుట్టేది. ఆమె కాజా కుడితే చొక్కా చిరగాలి గానీ కాజా సాగేది కాదని దర్జీ గొప్పగా చెప్పుకునేవాడు.

చిక్కల్లా ఆ రోడ్డే. వంతెన దిగే లారీలు ఆ పల్లంలో గాలి వేగంతో వచ్చేవి. హారను కొట్టి మరీ వచ్చేవి, కొట్టామన్న ధీమాతో. కొట్టిన హారను ఎవరికి వినపడాలో వాళ్ళకు వినపడదని డ్రైవర్లకేం తెలుసు? అందుకని పొద్దున వదిన చెయ్యి పట్టుకుని దాటించేది, సాయంత్రం వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. దర్జీ కొట్టుకి వచ్చేపోయే వాళ్ళంతా చూస్తుండగా, అంత వయసొచ్చిన మనిషి పసిపిల్లలా చెయ్యి అందించి నిలబడాల్సి వచ్చేది. ఆ కాస్త దూరం ఆమె ఎవరి మొహమూ చూసేది కాదు. చూడకపోతే ఎవరూ ఆమెతో మాట్లాడలేరు కదా.

రోడ్డు మొదటిసారి రాష్ట్రం చేతికి వచ్చినప్పుడు వీధివాళ్ళు నలుగురూ కలిసి ఇంజనీరు దగ్గరికి వెళ్ళారు. అంతకు ముందైతే అర్జీ దేశ రాజధాని దాకా వెళ్ళి, అక్కడే ముసలిదై, అక్కడే పోయేది. ఇప్పుడు ఆఫీసు నాలుగు వీధుల అవతలే. ఇంజనీరు స్కూటరు మీద వచ్చాడు. పల్లం చూశాడు, లారీలు చూశాడు, రోడ్డు పక్కన వదిన చెయ్యి పట్టుకుని నిలబడ్డ మనిషిని కూడా చూశాడు. "ఇక్కడ స్పీడ్ బ్రేకర్ వేసెయ్ మేస్త్రీ" అని స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ప్రభుత్వం అంత తొందరగా నోరు విప్పడం మేస్త్రి ఎన్నడూ చూడలేదు.

అతను ప్రాణం పెట్టి వేశాడు. తారు పట్టు దొరకడానికి పాత రోడ్డును పలుగుతో గీకి గరుకు చేశాడు. డ్రమ్ములో తారు మరిగించి, కంకర చిప్స్ కలిపి, గమేళాలతో మోయించి పరిచాడు. వంపు సరిగ్గా రావడానికి వడ్రంగి చేత చెక్క కోయించి, దాన్ని ఆనించి చూసుకుంటూ రోలరు తిప్పించాడు. తెల్ల చారలు తనే గీశాడు. మర్నాడు పొద్దున చెల్లెలు రోడ్డు అంచున చాలాసేపు నిలబడింది. ఒక లారీ వచ్చి, నెమ్మదించి, ఎక్కి దిగి వెళ్ళింది. మరొకటి. ఆ తర్వాత ఆమె వదిన చెయ్యి వదిలేసి, నడిచి, అవతలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"నా ఉద్యోగం ఊడిందండోయ్" అంది వదిన గుమ్మంలో నడుము మీద చేతులేసుకుని. ఆమె కళ్ళు తడిశాయి.

కొన్నేళ్ళు అలా గడిచాయి. ఆ తర్వాత సరుకుల కొరత వచ్చింది. దుకాణాల ముందు బారులు తీరి జనం నిలబడుతున్న రోజుల్లో కేంద్రం పెద్ద రోడ్లన్నిటినీ తాత్కాలికంగా తన చేతిలోకి తీసుకుంది. ఆఫీసుల్లో తాత్కాలికం అనే మాటకు ఎంత ఆయుష్షు ఉంటుందో మేస్త్రికి అప్పుడే తెలిసింది. కొత్త ఆఫీసరు జీపులో వచ్చాడు. చెడ్డవాడేం కాదు. మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

"కేంద్రం రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదు మేస్త్రీ. మందులు మోసుకెళ్ళే లారీ ఊరూరా ఎక్కి దిగుతూ పోతే ఆసుపత్రికి చేరేదెప్పుడు, నువ్వే చెప్పు!"

మేస్త్రి ఆలోచించాడు. మందుల లారీ ఆలస్యం కాకూడదు. నిజమే. పలుగు అందుకున్నాడు. వేసిన రోజు పట్టినంత సేపే పట్టింది తీయడానికి కూడా. చెల్లెలు దర్జీ కొట్టు గుమ్మంలో చేతిలో సూదితో నిలబడి అంతా చూసింది. ఆ సాయంత్రం ఆమె రోడ్డు దాటలేదు. వదిన వెళ్ళేదాకా అక్కడే నిలబడింది.

ఇంటికొచ్చాక మేస్త్రి ఎదురుగా కూర్చుని పెదాలు నిదానంగా కదుపుతూ, "కేంద్రం... తీసెయ్యమంది. నేను... కాదు" అని నచ్చజెప్పబోయాడు. ఆమె మొహం తిప్పేసుకుంది. మొహం తిప్పుకోవడమంటే ఆమెకు చెవులు మూసుకోవడమే. చాలా రోజులు మాట్లాడలేదు. ప్రభుత్వం మీద కోపం ఇంట్లో చూపిస్తోందనుకుని మేస్త్రి సర్దుకుపోయాడు.

మళ్ళీ గాలి మారింది. రాష్ట్రాలన్నీ ఒక్కటై, కొరత ఎప్పుడో తీరింది కదా, మా రోడ్లు మాకిమ్మని ఒంటికాలి మీద లేచాయి. ఇచ్చారు. మేస్త్రి రాళ్ళకు ఆకుపచ్చ రంగు వేశాడు. రాష్ట్రం ఉత్సాహం కొద్దీ రోడ్డును రెట్టింపు వెడల్పు చేసింది. మేస్త్రి ఇంటి వైపు కొత్త రోడ్డు పడింది, దర్జీ కొట్టు వైపు పాతది ఉంది. రెండింటినీ కలిపి, అంచు నుంచి అంచు దాకా, మళ్ళీ స్పీడ్ బ్రేకర్ వేశాడు మేస్త్రి. చెల్లెలు మళ్ళీ ఒంటరిగా దాటడం మొదలుపెట్టింది. అన్నతో మాటలూ కలిశాయి. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు వచ్చింది కోర్టు గొడవ.

కేంద్రంలో వచ్చిన కొత్తవాళ్ళు ఆ రోడ్డు మొదట వేసింది మేమే కాబట్టి మాదే అన్నారు. వెడల్పు చేసింది మేము, ఇవ్వం అంది రాష్ట్రం. కోర్టు రెండు పక్షాల వాదనా విని, ఆఖరి తీర్పు వచ్చేదాకా ఎవరు వేసిన భాగాన్ని వాళ్ళే చూసుకోవాలని చెప్పింది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. రోడ్డు మీదికి వచ్చి చూస్తే మాత్రం, మేస్త్రి గీసిన నడిమి గీతకు ఇవతల రాష్ట్రం, అవతల కేంద్రం అయింది. ఒకే రాయికి సగం ఆకుపచ్చ, సగం నీలం వేయమన్నారు. వేశాడు. వేస్తుంటే చూసిన వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

వారం తిరక్కుండా కేంద్రం తరఫున కళ్ళజోడు ఆఫీసరు వచ్చి, "మా సగంలో స్పీడ్ బ్రేకర్ ఉండటానికి వీల్లేదు, తీసెయ్" అన్నాడు. మేస్త్రి వెళ్ళి రాష్ట్రం ఇంజనీరమ్మను అడిగాడు. "మా సగంలో ఉన్నదాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను" అందామె. మేస్త్రికి బుర్ర వేడెక్కిపోయింది. ఒక రోజంతా రోడ్డు పక్కన తారు డ్రమ్ము మీద కూర్చున్నాడు. ఎంత ఆలోచించినా ఇద్దరి మాటా నిలబెట్టే దారి ఒక్కటే కనపడింది. నడిమి గీత వెంట ఉలి పెట్టి, సుత్తితో కొట్టి, స్పీడ్ బ్రేకర్‌ను కత్తితో కోసినట్టు సరిగ్గా సగానికి కోశాడు. అవతలి సగం పెళ్ళగించి నున్నగా చేశాడు. ఇవతలి సగం చెక్కు చెదరలేదు. అంచు అంత శుభ్రంగా వచ్చినందుకు, నిజం చెప్పాలంటే, కాస్త గర్వపడ్డాడు కూడా. ఇద్దరిలో ఏ ఒక్కరి మాటా కాదనకుండా పని పూర్తి చేసిన వాడు ఆ రోజున దేశం మొత్తం మీద తనొక్కడేననుకున్నాడు.

డ్రైవర్లు ఏం చేస్తారో అతను ఆలోచించలేదు. సగం రోడ్డుకు గట్టు ఉండి, సగం రోడ్డు నున్నగా ఉంటే ఏ డ్రైవరు గట్టు ఎక్కుతాడు? వంతెన దిగి వచ్చే బండ్లన్నీ సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నడిమి గీత దాటి, ఎదురు బండ్లు వచ్చే వైపుకు దూకి, గట్టును తప్పించుకుని, మళ్ళీ ఇవతలికి రావడం మొదలుపెట్టాయి. వేగం తగ్గకపోగా పెరిగింది, ఎదురు బండి వచ్చేలోపు తప్పుకోవాలి కదా. రెండు మూడు సార్లు చూసి మేస్త్రి పని ఆపేసి పరిగెత్తాడు. రెండు ఆఫీసుల్లోనూ చెప్పాడు. రెండు చోట్లా, "చూద్దాం" అన్నారు.

చూసేలోపే జరిగింది. చెల్లెలు ఇంటి నుంచి బయల్దేరి ఇవతలి సగం దాటింది. నడిమి గీత దగ్గర ఆగి, అలవాటు ప్రకారం బజారు వైపు చూసింది. అటు నుంచి బండి ఏదీ లేదు. అడుగు వేసింది. వంతెన దిగి గట్టు తప్పించుకుని వచ్చిన వ్యాను వెనక నుంచి కొట్టింది. కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. అన్నం క్యారియరు వెళ్ళి దర్జీ కొట్టు మెట్ల మీద పడింది.

మేస్త్రి వంతెన దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆసుపత్రి బండి ఆమెను తీసుకెళ్ళిపోయింది. అక్కడ ఊరి పోలీసూ, కేంద్రం రోడ్డు గస్తీ పోలీసూ నడిమి గీతకు చెరోవైపు నిలబడి వాదించుకుంటున్నారు.

"కొట్టింది మీ సగంలో. కేసు మీది."

"బండి తప్పించుకుంది మీ గట్టును. తప్పు మీ దగ్గర మొదలైంది."

మేస్త్రి ఒకరి మొహం, ఒకరి మొహం మార్చి మార్చి చూశాడు. అలవాటు కొద్దీ తల ఊగబోయింది. ఆ క్షణంలో తన మెడ మీద తనకే అసహ్యం పుట్టింది.

ఆసుపత్రిలో చెల్లెలు కాలికి పెద్ద కట్టుతో పడుకుని ఉంది. మంచం పక్కన వదిన. మేస్త్రి కనపడగానే చెల్లెలు వార్డంతా వినపడేలా, "ధబ్ రాలేదు" అంది.

మేస్త్రికి అర్థం కాలేదు. "ఏంటి?"

"ధబ్ రాలేదు. ఎప్పుడూ వస్తుంది. ఈసారి రాలేదు."

నెమ్మది మీద తేలిన సంగతి ఇది. బండి గట్టెక్కి దిగినప్పుడు నేల అదిరేది. ఆ అదురు ఆమె అరికాళ్ళకు తెలిసేది. పెద్ద లారీ అయితే ఒక రకం, స్కూటరు అయితే ఒక రకం, ఏ వైపు నుంచి వచ్చిందీ దాన్ని బట్టే పట్టేసేది. అందుకే రోడ్డు దాటేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేది. చెప్పులు అరుగుతాయని పిసినారితనం కాబోలని ఇంట్లో అందరూ ఆటపట్టించేవారు. ఇన్నేళ్ళూ మేస్త్రి బండ్ల వేగం తగ్గించడానికి గట్టు వేస్తున్నాననుకున్నాడు. ఆమె ఆ గట్టుతో వింటోంది. అతను ఉలి పెట్టి కోసింది ఆమె వినికిడిని. పైగా అంచు శుభ్రంగా వచ్చిందని మురిసిపోయాడు.

"ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు.

"నీకు తెలిసే వేశావనుకున్నా" అందామె.

మేస్త్రి వరండాలోకి వెళ్ళి గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఎవరైనా చూస్తారేమోనని కూడా అనిపించలేదు.

మర్నాటి నుంచి కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు. ఇంజనీరమ్మ కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. పాపం ఆమెకూ బాధ కలిగింది. "మా సగంలో గట్టు ఉంది కదా మేస్త్రీ. మేం చేయాల్సింది చేశాం. అవతలి సగంలో కూడా వేయమని వాళ్ళనడుగు" అంది. కళ్ళజోడు ఆఫీసరు టీ తెప్పించి ఇచ్చాడు. అతనికీ బాధ కలిగింది. "మా సగం నున్నగానే ఉంది కదా. ప్రమాదానికి కారణం వాళ్ళ సగం గట్టు. అది తీసేయమని చెప్పు, బండ్లు దేని దారిన అవి పోతాయి" అన్నాడు. మేస్త్రి ఇద్దరి మాటలూ బుర్రలో తిప్పి తిప్పి చూశాడు. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. ఎవరిలోనైనా దుర్మార్గం ఉంటే తిట్టుకుని తేలికపడేవాడు. అదీ లేదు. ఇద్దరు మంచివాళ్ళ మధ్య తన చెల్లెలి కాలు ఎలా విరిగిందో అతనికి అంతుపట్టలేదు.

"మీరెప్పుడైనా ఎవరూ చెప్పకుండా ఒక పని చేశారా?" అని భార్య అడిగింది, ఆసుపత్రికి క్యారియరు సర్దుతూ. ఎత్తిపొడుపు కాదు, ఊరికే అడిగింది. మేస్త్రి ఆలోచించాడు. పై నుంచి మాట లేకుండా పలుగెత్తిన రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

చెల్లెలు ఇంటికి వచ్చే ముందు వారం, పట్టపగలు, బజారంతా కళకళలాడుతున్న వేళ మేస్త్రి తారు డ్రమ్ము కింద మంట పెట్టించాడు. రోడ్డుకు అడ్డంగా ఎర్ర జెండాలు పాతాడు. పనివాళ్ళు పలుగులు పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"ఎవరి పని మేస్త్రీ ఇది? కేంద్రందా, రాష్ట్రందా?"

"గీకండి ముందు" అన్నాడు మేస్త్రి. ఆ గొంతు వాళ్ళెప్పుడూ వినలేదు. పలుగులెత్తి గీకారు.

జీపు చప్పుడైనప్పుడల్లా మేస్త్రి తల తిప్పి చూస్తూనే ఉన్నాడు. సాయంత్రానికి అవతలి సగంలో గట్టు లేచింది. తను కోసిన అంచు దగ్గర కొత్త తారు, పాత తారు కలిసేలా చేత్తో ఒత్తి మరీ అతికించాడు. ఒక వేలు కాలింది.

ఇక వేటు పడుతుందని వారం రోజులు ఎదురు చూశాడు. ఇంజనీరమ్మ జీపు వచ్చింది. ఎక్కి దిగింది. ఆగింది. "చూశావా మేస్త్రీ! చివరికి వాళ్ళే దారికొచ్చారు. మనం గట్టిగా నిలబడితే ఎందుకు రారూ!" అంది సంబరంగా. మేస్త్రి నీళ్ళు నమిలాడు. రెండు రోజుల తర్వాత కళ్ళజోడు ఆఫీసరు వచ్చాడు. గట్టును చాలాసేపు చూసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "రాష్ట్రం వాళ్ళు కోర్టు నుంచి ఏదో తెచ్చుకున్నట్టున్నారు. పైవాళ్ళు నాకింకా చెప్పలేదు. నువ్వు మాత్రం కదపకు మేస్త్రీ, కోర్టు ధిక్కారం అవుతుంది" అన్నాడు. మేస్త్రి మళ్ళీ నీళ్ళే నమిలాడు. ఏ అయోమయం చెల్లెలి కాలు విరగ్గొట్టిందో, ఆ అయోమయమే ఇప్పుడు ఆ గట్టుకు కాపలా కాస్తోంది. ఇందులో సంతోషించాలో, భయపడాలో అతనికి తెలియలేదు. రెండూ చేశాడు.

కట్టు విప్పిన తర్వాత చెల్లెలు మొదటిసారి పనికి బయల్దేరిన పొద్దున మేస్త్రి పనికి పోకుండా గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె కర్ర పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, రోడ్డు అంచుకు వెళ్ళి నిలబడింది. వంతెన దిగి లారీ వచ్చింది. తప్పించుకునే దారి లేక నెమ్మదించి, ఎక్కి దిగింది. బజారు వైపు నుంచి వ్యాను వచ్చింది. అదీ ఎక్కి దిగింది. రోడ్డు ఖాళీ అయింది. ఆమె కదల్లేదు. మరో రెండు బండ్లు వచ్చి వెళ్ళాయి. అప్పటికీ కదల్లేదు.

మేస్త్రి వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "ఏం? కాళ్ళకు తెలియట్లేదా?"

"తెలుస్తోంది."

"మరి?"

"ఎన్నాళ్ళు ఉంటుంది?"

"అంటే... కోర్టు తీర్పు ఇంకా రాలేదు. వచ్చాక, కేంద్రం గనక..."

"వాళ్ళెవరో నాకు తెలీదు" అంది చెల్లెలు. ఆమె మామూలుగానే అంది. ఆ మామూలు గొంతు బజారు దాకా వినపడింది. "నేనెప్పుడూ వాళ్ళను చూళ్ళేదు. వేసింది నువ్వు. తీసింది నువ్వు. మళ్ళీ వేసింది నువ్వు. సగానికి కోసింది నువ్వు. దర్జీ కొట్లో కూర్చుని నేను చూసింది నిన్నొక్కణ్ణే అన్నయ్యా."

అవతల దర్జీ మిషను ఆగిపోయింది. గుమ్మంలో భార్య చేత్తో నోరు మూసుకుంది. ఇన్నేళ్ళూ మేస్త్రి తను చెల్లెలి పక్కన నిలబడి, ఆమెతో పాటు ప్రభుత్వం వైపు చూస్తున్నాననుకున్నాడు. ఆమె చూస్తున్న వైపు నిలబడి ఉన్నది తనేనని ఇప్పుడు తెలిసింది. కేంద్రం తనే. రాష్ట్రం కూడా తనే. ఆమె అలిగి మాట్లాడకుండా ఉన్న రోజుల్లో అలిగింది ఏ ప్రభుత్వం మీదా కాదు.

"మళ్ళీ తీసేస్తావుగా" అందామె. అందులో కోపం లేదు. వాన పడుతుందా అని అడిగినట్టు అడిగింది.

మేస్త్రి కేంద్రం గురించి చెప్పబోయి మానుకున్నాడు. కోర్టు గురించి చెప్పబోయి మానుకున్నాడు. ఇంకా కొన్నేళ్ళ ఉద్యోగం మిగిలి ఉంది. రేపు ఎవరి జీపు వస్తుందో, ఏ రంగు డబ్బా వస్తుందో, ఏ మంచి మనిషి భుజం మీద చెయ్యి వేసి ఏ న్యాయం చెబుతాడో అతనికి తెలియదు.

"తీయను" అన్నాడు.

ఆమె అతని పెదాల వంక చూస్తూనే ఉంది. పొట్టి మాట, తేలిగ్గా అర్థమయ్యే మాట. మొదటిసారే ఆమె పట్టుకుందని మేస్త్రికి తెలుసు.

"మళ్ళీ చెప్పు" అందామె.

మేస్త్రి మళ్ళీ చెప్పాడు. మొదటిసారి కంటే ఈసారి చాలా కష్టమైంది.